నాగలక్ష్మమ్మ రంగు

బొమ్మ చెంప మీది గులాబీ రంగును ఓబుళేసు కత్తితో గీకేశాడు. ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్న భార్య నాగలక్ష్మమ్మ నవ్వబోయి దగ్గింది.

"మళ్ళా ఎర్రగా వచ్చిందా?"

"వచ్చె."

"నిన్న గీసినామె ఎవరో గానీ బాగుండాది. ఆమెనే కట్టుకోపో."

మరి చేయి అలా అలవాటు పడింది. అనంతపురంలో ఫ్లెక్సీలు దిగి, గోడల మీద సిమెంటు ప్రకటనలు రాసే ఓబుళేసు పొట్ట కొట్టాయి. అప్పుడే ఆయిల్ రంగులు పట్టాడు. పోయినవాళ్ళ ఫోటోలు చూసి పటాలు గీసేవాడు. రాప్తాడు ఎండల్లో మాడి బొగ్గయిన మనిషినైనా సరే, "మా నాయన్ని రోంత తెల్లగా దించప్పా" అనేవాళ్ళే. అందర్నీ తెల్లగానే దించాడు. ఇప్పుడు సొంత పెళ్ళాం నలుపు చేతికి రావడం లేదు.

ఇక మందులు పనిచేయవు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పిన రోజున ఆమె అడిగింది ఒక్కటే. "సచ్చినాక పటం గీస్తే నేను సూస్తానా? ఇప్పుడే గీయి. నన్ను నేను సూసుకోవల్ల."

మధ్యాహ్నానికి ముదురు గోధుమ రంగులో కాస్త నీలం కలిపి చూశాడు. చెంప సరిగ్గా దిగింది. శనక్కాయ చేలల్లో కలుపు తీసి తీసి కమిలిన నుదురు, పెదవి పక్కన పుట్టుమచ్చ, అన్నీ ఆమెవే. ఇంత అందమైన మనిషికి ఇన్నాళ్ళూ తెల్లరంగు పూసినందుకు ఓబుళేసుకు సిగ్గేసింది.

"యాడ, సూపీ."

"కండ్లు పెట్టల్ల ఇంకా. కండ్లు లేని మొగం సూడగూడదు."

"రోంత ఇట్ల తిప్పప్పా."

"ఉండవే, అయిపాయె."

కళ్ళు చివర్నే పెట్టాలని పని నేర్పినాయన చెప్పాడు. ఓబుళేసు ఎన్నడూ ఆ మాట తప్పలేదు. పళ్ళెంలో నలుపు కలిపి, సన్న కుంచె ముంచి, ఆమె కళ్ళలో వెలుగు ఎక్కడ పడుతోందో చూద్దామని తలెత్తాడు. కళ్ళు మూసుకుని ఉంది. కునుకు పట్టిందేమో, పాపం, లేపడమెందుకని కాచుకుని కూర్చున్నాడు. పెదవి మీద ఈగ వాలింది. ఆమె తోలుకోలేదు.

"లక్ష్మీ," అన్నాడు. "ఇదిగో, తిప్పినా. సూడు."

మూడో రోజు సమాధి మీద పాలు పోసి వచ్చాక పక్కింటి యేసన్న, "కండ్లు పెట్టేస్తే పటం తగిలించుకోవచ్చు గదన్నా" అన్నాడు. ఓబుళేసు కుంచె ముట్టలేదు. ఒక్కసారి చూపించి ఉంటే ఏం మునిగిపోయేదని లోపల ఒకటే కుమిలిపోతున్నాడు. బొమ్మ ఇంకా ఆమె కూర్చున్న గోడవైపే తిరిగి ఉంది. పక్కన పళ్ళెంలో, కళ్ళకని కలిపిన నలుపు ఆరనే లేదు.