కుట్టు పక్కన సూది గుర్తులు

అమ్మ మిషను మీద ఉంది, మిషను చప్పుడు వినిపిస్తున్నంతసేపు అమ్మ లేవదు, తాతయ్య వరండాలో రేడియో చెవికి ఆనించుకుని ఉన్నాడు, ఆయన లేవాలంటే ముందు చేతికర్ర వెతుక్కోవాలి, అత్త ముందు గదిలో కాళ్లు చాపుకుని అమ్మకు ఊళ్లో కబుర్లన్నీ చెబుతోంది, నాన్న లారీ తీసుకుని వెళ్లాడు, రేపటిదాకా రాడు, అక్క స్నానం చేస్తోంది, నీళ్ల చప్పుడు వస్తోంది, అంతే, ఇంట్లో ఉన్నది ఇంతమందే, ఇక నేను, సామాన్ల గదిలో బియ్యం డబ్బా వెనక నేల మీద కూర్చుని, ఒళ్లో బిస్కెట్ల డబ్బా పెట్టుకుని, వీళ్లందరినీ ఒక్కొక్కరినే తలుచుకుంటున్నాను, ఎవరూ ఇటు రారు, ఇంకొక్కటి తినొచ్చు, ఇంకొక్కటే.

ఈ గది తలుపు కిర్రుమంటుంది, ఇల్లంతా వినిపించేలా కిర్రుమంటుంది, కాస్త నూనె వేయండని అమ్మ నాన్నకు చెప్పీ చెప్పీ అలిసిపోయింది, కానీ గొళ్లెం పట్టుకుని తలుపును కొంచెం పైకెత్తి తోస్తే చిన్న చప్పుడు కూడా రాదు, ఈ సంగతి ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు, బడిలో ఏ ప్రశ్నకీ చెయ్యెత్తని నేను నా అంతట నేను కనిపెట్టింది ఇదొక్కటే, నవ్వొస్తోంది, నోరంతా పొడిపొడిగా ఉంది, నవ్వితే దగ్గొస్తుంది, దగ్గితే అత్త వింటుంది, అత్త చెవులు అలాంటివి, బిస్కెట్టును నాలుక మీద పెట్టుకుని మెత్తబడేదాకా ఆగాలి, కొరికితే చప్పుడు, ఇవన్నీ నాకెవరు నేర్పారు, ఎవరూ నేర్పలేదు, సిగ్గే నేర్పింది.

బడికి వచ్చే డాక్టరమ్మకు ఒక్కదానికే ఇదంతా చెప్పాను, ఆమె ముఖం గుర్తు తెచ్చుకోకూడదు అనుకుంటున్నానా, ఆమె గొంతే చెవిలో వినిపిస్తోంది, పొద్దున తిను, మధ్యాహ్నం తిను, సాయంత్రం ఏదో ఒకటి తిను, రాత్రి కూడా తిని పడుకో, కడుపు మాడ్చుకున్నావంటే మళ్లీ దొంగతిండికే వెళతావమ్మా, మరి సన్నబడాలంటే మానెయ్యాలి కదండీ అన్నాను, నేల చూస్తూ అన్నాను, ఆమె నవ్వలేదు, ముందు ఈ దాక్కుని తినడం ఆగనీ, బరువు సంగతి తర్వాత ఇద్దరం కలిసి మెల్లగా చూద్దాం, ఎక్కడికి పోతుంది అది, ఇంట్లో ఒక్కరికైనా చెప్పు, ఒక్కరు చాలు, నేను తలూపాను, తలూపడం నాకు బాగా వచ్చు, కొన్నాళ్లు నిజంగానే ఆమె చెప్పినట్టు తిన్నాను, ఈ గది వైపు చూడను కూడా చూడలేదు, ఇక బాగుపడ్డాననుకున్నాను, ఎవరికీ చెప్పనక్కర్లేదనుకున్నాను, ఇంతలో ఆ నీలం గౌను వచ్చి పడింది.

బడిలో పాటలు పాడేవాళ్లందరూ నీలం గౌన్లు వేసుకోవాలట, కొత్తది ఎందుకే, అక్కది ఉందిగా, నీకు సరిచేస్తాను, ఆదివారం వేసి చూద్దాం అంది అమ్మ, అక్క గౌను, అక్కను అందరూ ఈనెపుల్ల అంటారు, అలా అంటున్నప్పుడు అందరి గొంతుల్లో ముద్దు ఉంటుంది, నన్ను బొద్దుపిల్ల అన్నప్పుడు ఉండదు, అందుకే నిన్న రాత్రి తలనొప్పి అన్నాను, పొద్దున తర్వాత తింటానన్నాను, ఆ తర్వాత రానే లేదు, మధ్యాహ్నం అమ్మ నన్ను అద్దం ముందు నిలబెట్టింది, కళ్ల ముందు చుక్కలు కనిపిస్తున్నాయి, వదినా, దీనికి ఈనెపుల్ల గౌనా, ఇంకో గౌను తెచ్చి అతుకు వెయ్యి అంది అత్త, ఊరుకో అమ్మాయ్, ఎదిగే పిల్ల అంది అమ్మ, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది అమ్మ, ఒక్కటీ జారిపడదు, కడుపు లోపలికి పీల్చకే, పీల్చి కొలతిస్తే రేపు పాడేటప్పుడు ఊపిరాడక చస్తావు, నేను పీల్చలేదమ్మా అన్నాను, పీల్చే అన్నాను.

గౌను అంచు తిరగేసి అత్తకు చూపించింది అమ్మ, లోపల, కుట్టు పక్కనే వరసగా సూది గుర్తులు, పాత కుట్లు విప్పిన గుర్తులు, ఒక వరస, దాని పక్కన ఇంకో వరస, దాని పక్కన మరొకటి, చూశావా, ఎన్నిసార్లు విప్పానో, ఎన్నిసార్లు బిగించానో, కొన్నాళ్లు వదులంటుంది, కొన్నాళ్లు బిగుతంటుంది, పెద్దదాని పేచీలు ఇంతా అంతా కాదు, గుమ్మంలో నిలబడి తల దువ్వుకుంటున్న అక్క, చాల్లేమ్మా, ఎన్నిసార్లు చెబుతావు అంది, అప్పుడే హుక్కు పడింది, నిజంగా పడింది, అత్త చప్పట్లు కొట్టింది, మా పిచ్చుక సన్నబడిందే అన్నాడు తాతయ్య, నాకు ఏడుపొచ్చేంత సంతోషం, అక్క మాత్రం చప్పట్లు కొట్టలేదు, పొద్దున ఏమైనా తిన్నావా అని మెల్లగా అడిగింది, తిన్నాను అన్నాను, అక్క ఇంకేదో అనబోయి తువ్వాలు తీసుకుని వెళ్లిపోయింది, కుళ్లు అనుకున్నాను, అక్కకు నా మీద కుళ్లు, ఆ ఆలోచన కూడా ఎంత తియ్యగా ఉందో.

ఆ గౌను మడతపెట్టిన చేతులే ఈ డబ్బా మూత తీశాయి, మొదటిది ఆకలికి తిన్నాను, తర్వాతవి ఎందుకు తిన్నానో తెలియదు, ఇవి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లకు పెట్టే బిస్కెట్లు, పోయినసారి డబ్బా ఖాళీగా కనిపిస్తే, ఏం నాన్నా, చాటుగా లాగించేస్తున్నావా అని అత్త తాతయ్యను ఆటపట్టించింది, నేనే తిన్నానేమోనమ్మా, గుర్తుండి చావట్లేదు అని తాతయ్య తల గోక్కున్నాడు, ఆయన అలా తల గోక్కుంటూ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తుంటే నేను పక్కనే నిలబడి చూశాను, ఇప్పుడు అదే తలుచుకుంటున్నాను, అయినా చెయ్యి మళ్లీ డబ్బాలోకే వెళ్తోంది, మిషను చప్పుడు ఉంది, రేడియో ఉంది, అత్త నవ్వు ఉంది, నీళ్లు, నీళ్ల చప్పుడు ఏదీ.

తలెత్తేసరికి అక్క నిలబడి ఉంది, జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి, తలుపు ఎప్పుడు తెరుచుకుందో నాకు వినిపించనే లేదు, నా ఒళ్లో డబ్బా, నా పొట్ట, నా ఒళ్లంతా రాలిన పొడి, అన్నీ అక్క కళ్ల ముందే ఉన్నాయి, ఇప్పుడు అమ్మా ఇటు రా అని అరుస్తుంది, అరిస్తే అందరూ వస్తారు, తాతయ్య కూడా కర్ర వెతుక్కుని మరీ వస్తాడు, ఎవరే అక్కడ అని అత్త కేక వేసింది, నేనే అత్తా, సబ్బు కోసం వచ్చాను అంది అక్క, అటు తిరగనైనా తిరగకుండా, నా ముఖం చూడలేదు, డబ్బా వైపే చూస్తోంది, నీళ్లు తాగవే, ఉత్త బిస్కెట్లు గుండెకు అడ్డం పడతాయి, బియ్యం డబ్బా వెనక చెంబు ఉంటుంది చూడు అంది, చెయ్యి పెట్టి చూస్తే చెంబు ఉంది, నిండా నీళ్లు, నేను పెట్టలేదు, అమ్మ పెట్టదు, గౌను లోపలి సూది గుర్తులు ఒక్కొక్క వరసా కళ్ల ముందుకు వస్తున్నాయి, విప్పినవి, బిగించినవి, మళ్లీ విప్పినవి, అక్కా అన్నాను, అక్క గొళ్లెం పట్టుకుంది, తలుపును కొంచెం పైకెత్తి, నా మీద మూసేసింది, కిర్రుమనలేదు, ఈ సంగతి ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసనుకున్నాను.