వంటర్రకు టైల్ గమ్ము

తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మెలో బస్సులన్నీ డిపోల్లో ఆగిపోయాక మహిపాల్ కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. తిరగడానికి ఉన్నవి రెండు అర్రలే. కండక్టరు కాళ్లాయె, కుదురుగా ఒకచోట ఉండమంటే ఉంటాయా? పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో సమ్మె టెంటుకు పోయి గొంతు బొంగురుపోయేదాకా నినాదాలిచ్చి వచ్చేవాడు. మధ్యాహ్నానికి మళ్లీ చేతులు దురద పెట్టేవి. బాగున్న నల్లాను బాగుచేస్తానని తిప్పాడు, అది కారడం మొదలుపెట్టింది. ఫ్యాను విప్పాడు, దాన్ని బిగించే ముహూర్తం ఇంకా రాలేదు.

ఆ తిరుగుడులోనే అతని చూపు వంటర్ర నేల మీద పడింది. పాత షాబాదు బండలు. అతుకులూడి అంచులు పైకి లేచాయి. ఆ అంచులు మహిపాల్ పాదాలనేమీ చేయవు, అతని భార్య యాదలక్ష్మి అరచేతులనే కోస్తాయి. నల్లగొండ దిక్కు తమ ఊళ్లో ఫ్లోరైడు బోరునీళ్లు తాగీ తాగీ చిన్నప్పుడే ఆమె కాళ్లు వంకరపోయాయి. నిలబడలేదు. రెండు చేతులూ నేలకు అదిమి, ఒళ్లు ముందుకు లాక్కుంటూ దేకుతుంది. పొయ్యి నేల మీదే, కత్తిపీట నేల మీదే, నల్లా కూడా ఆమెకు అందే ఎత్తులోనే. అర్రలో పని మాత్రం నిలబడి వండేవాళ్ల కంటే ముందే తెముల్చుకుంటుంది.

"టైల్స్ ఏస్త లక్ష్మీ. నీ చేతులు గీరుకపోవుడు బందైతది," అన్నాడు.

"ఎవరేస్తరు?"

"నేనే."

యాదలక్ష్మి విప్పి పడేసిన ఫ్యాను వైపు ఒకసారి చూసింది. అయినా కాదనలేదు. అరచేతులు కాయలు కాసి, కాయల మధ్య పగుళ్లు పడ్డాయి. కారం ముట్టుకుంటే ప్రాణం పోతుంది. ఆ మంట లేకుండా వండుకోవాలని ఆమెకు మాత్రం ఉండదా?

టైల్స్ దొరికాయి. తోటి కండక్టర్ జగన్ ఇంట్లో మిగిలినవి, కాస్త గరుకువి, చేయి జారనివి. ఇక వాటిని అతికించేది కావాలి. కొత్తపేటలో బాపిరాజు హార్డ్‌వేర్ కొట్టు షట్టర్ సగం దించి ఉంది. భీమవరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. ఈ బందు రోజుల్లో తెరిచినట్టూ మూసినట్టూ ఉండటమే క్షేమమని నేర్చుకున్నాడు. షట్టర్ కింద నుంచి వంగి వచ్చిన మహిపాల్ మెడలో ఉద్యమ కండువా చూడగానే గల్లాపెట్టె మూసేశాడు.

"చందా నిన్ననే ఇచ్చానండీ."

"చందా గాదు సేటూ. టైల్స్ గమ్ము గావాలె."

బాపిరాజుకు ప్రాణం లేచొచ్చింది. "కింద ఏముందండీ?"

"షాబాదు బండలు."

"అయితే సిమెంటు పాలు పోసి అతికిద్దామనుకోకండి. నున్నటి బండ మీద పట్టదు, ఊడొచ్చేస్తది." రెండు సంచులు చూపించాడు. ఒకటి మామూలు గమ్ము. బండలను ఉలితో బాగా గరుకు చేసుకుంటే, మనుషులు నడిచే నేలకు సరిపోతుంది. రెండోది రబ్బరు పాలు కలిసిన రకం. రాతిని వదలదు, టైలును పక్కకు లాగే బరువున్నా కాస్త సాగి నిలబడుతుంది. "మీ నేల మీద రోజూ ఏమన్నా ఈడుస్తారాండీ?"

కొట్లో మరో ఇద్దరు గిరాకీలు నిలబడి వింటున్నారు. మహిపాల్ వాళ్ల వైపు ఓసారి చూశాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ మాట అతను డిపోలో చెప్పలేదు. దవాఖానకు తీసుకుపోయినా, గల్లీలో జనం పలచబడ్డాకే ఆటో పిలిచేవాడు. భార్య అంటే ప్రేమ లేక కాదు, నలుగురి చూపులంటే భయం.

"ఈడ్చేదేం లేదు. ఇద్దరమే ఉంటం. నడుస్తం, గంతే."

"అయితే ఈ మామూలుది చాలండి."

మహిపాల్ వంచిన నడుం ఎత్తకుండా పని చేశాడు, నిజం చెప్పొద్దూ. బండలు చెక్కాడు, పళ్లున్న తాపీతో గమ్ము పరిచాడు, టైల్స్ వరసగా పేర్చాడు. అది ఆరేదాకా యాదలక్ష్మి వాకిట్లో కిరసనాయిలు స్టవ్వు మీద వండింది. ఆరాక మొదటిసారి లోపలికి దేకి, అరచేయి ఆ చివరి నుంచి ఈ చివరికి రాసి చూసి నవ్వింది. ఆ నవ్వుకు మహిపాల్ కాళ్లు నేల మీద నిలవలేదు. టెంటుకు పరుగెత్తి మైకు అందుకున్నాడు. "మా నల్లగొండ నీళ్లు మా ఆడబిడ్డల బొక్కలు వంచినయి! ఎవలు జవాబు చెప్తరు?" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. జగన్ ఈల వేశాడు.

పొయ్యి నుంచి నల్లాకు యాదలక్ష్మి రోజుకు ఎన్నిసార్లు పోతుందో ఎవరు లెక్కబెట్టారు? పోయిన ప్రతిసారీ ఆమె చేతులు ఆ టైల్స్‌ను అదిమి వెనక్కి లాగాయి. మామూలు గమ్ము కొన్నాళ్లు ఓర్చుకుంది, తర్వాత వదిలేసింది. గంజి వంచడానికి పోతుంటే చేతి కింద టైలు జరిగింది. దాని మూల విరిగి అరచేతిలో దిగింది.

మహిపాల్ టెంటు నుంచి వచ్చేసరికి నేల మీద నెత్తురు, ఆమె చేతికి పాత చీర పేలిక. అతనికి ఒళ్లు తెలియలేదు.

"గా ఆంధ్రోడు మోసం జేసిండు! ఇప్పుడే జగన్‌ను, పది మందిని తోల్కపోయి కొట్టు బంద్ జేపిస్త!"

గడప దాటబోతుంటే యాదలక్ష్మి అడ్డంగా వచ్చి కూర్చుంది.

"ఆయన నిన్నేమడిగిండు?"

"ఏమడుగుతడు... నేల మీద ఏమన్నా ఈడుస్తరా అన్నడు."

"నువ్వేం జెప్పినవ్?"

మహిపాల్ గడప మీది కాలు వెనక్కి తీసుకున్నాడు.

"పక్కింటి అండాలమ్మ జెప్పింది. టెంట్ల మైకు వట్టుకోని నల్లగొండ కాళ్ల ముచ్చట జెప్తివంట, అందరు సప్పట్లు గొట్టిరంట. అంతమందికి జెప్పినోనివి, కొట్ల ఒక్కనికి చెప్పనీకి సిగ్గయిందా?"

అతనికి తల కొట్టేసినట్టయింది. "రేపు నిన్ను టెంటుకు తోల్కపోత. అందరి ముంగట నువ్వు నా పెండ్లానివని చెప్త," అన్నాడు.

"నన్ను సూపెట్టనీకా? నాకు టెంటొద్దు. కొట్టుకు తోల్కపో. ఇప్పుడే."

పట్టపగలు. మహిపాల్ ఆమెను జగన్ దగ్గర అడిగి తెచ్చిన పాత స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని కొత్తపేట బజారు మధ్య నుంచి నడిపాడు. చెవులు కాలిపోతున్నాయి. కొట్టు ముందు దించగానే, దెబ్బ తగిలిన చేయి ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో నెమ్మదిగా లోపలికి దేకింది. అందరూ వంగి దూరే ఆ సగం షట్టర్ కింద ఆమెకు వంగాల్సిన పనే పడలేదు. బాపిరాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. గిరాకీలు పక్కకు జరిగి దారిచ్చారు. ఆమె మొగుడి వైపు చూసింది.

"నా పెండ్లాం, సేటూ," అన్నాడు మహిపాల్. మైకు ముందు ఎన్నడూ వణకని గొంతు వణికింది. "నడవది. గిట్లనే తిరుగుతది. మొన్న నువ్వడిగితే అబద్ధం జెప్పిన."

బాపిరాజు ఆమె చేతి కట్టు చూశాడు. రబ్బరు పాలు కలిసిన సంచి దించి, ఆమెతోనే మాట్లాడాడు. "టైలు కింద మూలల దాకా నిండేటట్టు పరవమనండమ్మా. పరిచాక గట్టిపడేదాకా ఎవరూ లోపలికి పోకూడదు."

"నేను పోను. ఈయన్నే జర ఆగుమనుర్రి," అంది యాదలక్ష్మి. బాపిరాజు ఆపుకోలేక నవ్వేశాడు.

గిరాకీల్లో ఒక కుర్రవాడు మహిపాల్‌ను అప్పటిదాకా గుర్తుపట్టే ప్రయత్నంలో ఉన్నాడు. "అన్నా, మొన్న టెంట్ల నల్లగొండ నీళ్ల మీద మాట్లాడింది నువ్వే గదా?"

"నేనే. గది ఈమె ముచ్చటనే. గప్పుడు పేరు జెప్పలే."

"వదినె పేరేందన్నా?"

మహిపాల్ నోరు తెరిచాడు. ఆమె ఆగలేదు.

"యాదలక్ష్మి," అంది, కొట్టంతా వినపడేలా.