ఈడిత్ అనే అక్క

బతికున్నవాళ్ళకే దిక్కులేని ఈ రోజుల్లో, ఎప్పుడో పోయిన మనిషి కోసం ఈ వెతుకులాటేమిటని లూర్దుమేరి మొదట్లో నవ్వుకునేది. ఈ గల్ఫు దేశంలో, ముహర్రక్ అనే ఊళ్ళో ఆ ముసలి ఇంగ్లీషు మేడం ఇంట్లో కుదిరినప్పుడు వంటా, గుడ్డలూ, మందులూ చూసుకుంటే చాలన్నారు. తీరా వచ్చాక తెలిసింది, పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే ఆవిడకి కళ్ళజోడు వెతికి పెట్టడమే అసలు డ్యూటీ అని.

మేడం పేరు మార్జొరీ. మొగుడు ఇక్కడ విమానాల కంపెనీలో చేసి ఇక్కడే పోయాడు. పిల్లల్లేరు. ఇంగ్లండు వెళ్ళిపోదామన్నా అక్కడ ఎదురొచ్చే మనిషి లేదు. ఉన్నదల్లా ఈడిత్. ఆ ఈడిత్ కూడా కాగితాల్లోనే.

ఈడిత్ మేడంకి అక్క. అంటే ఊరంతా అనుకున్న లెక్కలో అక్క. గోధుమ చేల మధ్య మారుమూల పల్లెటూరు వాళ్ళది. ఈడిత్ చిన్నప్పుడే బడి మానేసి ఒక రైతు ఇంట్లో పనికి చేరింది. సెలవు దొరికిన ఆదివారం ఇంటికొచ్చి, చెల్లెలికి జడలు వేసి, చీకటి పడకముందే వెళ్ళిపోయేది. చెల్లెలు ఆవిణ్ణి "ఈడిత్, ఈడిత్" అని పిలిచేదట. అక్కని పేరు పెట్టి పిలవడమేమిటి, కళ్ళు పోవూ! అని లూర్దుమేరి బుగ్గలు నొక్కుకుంది. వాళ్ళ దగ్గర అంతేనంది మేడం.

ఈడిత్ పెళ్ళి చేసుకోలేదు. ముసలైపోయి వృద్ధాశ్రమంలో పోయింది. ఆవిణ్ణి మట్టి చేసిన రోజున పొరుగింటి ముసలమ్మ మేడంని పక్కకి పిలిచి, ఎన్నేళ్ళుగా కడుపులో దాచుకుందో ఆ మాట కక్కేసింది. "పిచ్చిదానా, నిన్ను కన్నది ఈడితే." పెళ్ళికాని పిల్ల కన్న బిడ్డని పరువు కోసం అమ్మమ్మ తన బిడ్డగా రాయించేసుకుంది. కన్నతల్లి అక్కయిపోయింది.

అప్పటినుంచీ మేడంకి ఒకటే యావ. ఈడిత్ తన తల్లి అని రాసి ఉన్న కాగితం, ఎక్కడైనా సరే, ఒక్కటి కావాలి.

"ముసలమ్మ చెప్పింది కదా మేడం, నోటిమాట చాలదా?" అని లూర్దుమేరి తన వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది.

"ముసలమ్మా పోయింది. రేపు నేనూ పోతాను. అప్పుడు ఈడిత్‌కి బిడ్డ ఉందని ఎవరు చెబుతారు?" అంది మేడం.

ఏళ్ళ తరబడి వెతికితే దొరికిందేమిటయ్యా అంటే, ఈడిత్ చంటిపిల్లప్పటి జనాభా లెక్కలో ఒక పేరు. దాని తర్వాతి లెక్కలు అగ్గిపాలయ్యాయి. ఆపైన యుద్ధమొచ్చి లెక్కలే తీయలేదు. యుద్ధం మొదలైనప్పుడు సర్కారు వాళ్ళు రాసుకున్న పేర్లలో మాత్రం ఈడిత్ పేరు పక్కన "ఇంటి పనిమనిషి" అని ఉంది. ఏం తినేది, ఎవణ్ణి నమ్మి మోసపోయింది, పిల్లకి జడలేస్తూ ఏమనుకునేది, ఒక్క ముక్క లేదు. మా ఊరి పశువుల ఆసుపత్రిలో గేదె గురించి ఇంతకన్నా ఎక్కువ రాస్తారు కదా అని లూర్దుమేరికి ఒళ్ళు మండింది.

ఒళ్ళు మండటానికి వేరే కారణం ఉంది. అది మేడంకి తెలియదు.

రాజోలు పక్క పల్లెలో లూర్దుమేరి మొగుడు కడుపుతో ఉన్నదాన్ని వదిలేసి ఎటో పోయాడు. పిల్ల పుట్టింది. పాలు మరవకముందే వీసా వచ్చింది. చంటిపిల్లల తల్లులంటే ఇక్కడి ఇళ్ళవాళ్ళు ఒప్పుకోరని ఏజెంటు "పిల్లల్లేరు" అని రాయించాడు. పిల్లని అక్క రోజీ ఒళ్ళో పెట్టి విమానం ఎక్కింది. రోజీకీ, బావ జాన్ పాల్‌కీ సంతానం లేదు. జ్ఞానస్నానం ఇప్పించేటప్పుడు గుడి పుస్తకంలో తల్లీతండ్రీ పేర్లు అడిగితే వాళ్ళ పేర్లే చెప్పారు. రోజీ ఫోన్ చేసి, "పెద్దమ్మంటే అమ్మ కాదేంటే? పేరు ఎవరిదైతే ఏం, పిల్ల నీదేగా!" అంది. నిజమే కదా అనుకుంది లూర్దుమేరి. మన వాళ్ళలో తల్లి అక్కచెల్లెళ్ళందరూ తల్లులే. ఆ ధీమాతోనే ఊఁ కొట్టింది. తర్వాత బడిలో, రేషన్ కార్డులో, ఆధార్‌లో అన్నిచోట్లా అదే ఎక్కింది. పిల్ల పేరు జెస్సికా. మాటలు నేర్చాక రోజీని "అమ్మా" అంది. రెండేళ్ళకోసారి సెలవుకి వచ్చిపోయే లూర్దుమేరిని "పిన్నీ" అంది.

ఇప్పుడు జెస్సికాకి పెళ్ళి. గుడిలో పెళ్ళి ప్రకటన చదువుతారు, ఫలానా వాళ్ళ కూతురని. ఆ ఒక్కచోట తన పేరు వినబడాలని లూర్దుమేరికి ప్రాణం కొట్టుకుపోతోంది. అడగడానికే నోరు పెగలదు. అందుకే లోపల ఒక మొక్కు మొక్కుకుంది. ఈడిత్ కాగితం దొరికిందా, ఆ రోజే మేడంకి అంతా చెప్పేసి, సెలవడిగి, ఊరెళ్ళి ఫాదర్ గారి ముందు నిలబడాలి. దొర దేశపు పనిమనిషికి అచ్చొచ్చింది తనకి మాత్రం ఎందుకు రాదు?

మిగిలిన ఆశ ఒక్కటే. ఆ జిల్లాలో బీదాబిక్కీ పురుళ్ళు పోసుకునే ఆసుపత్రి ఒకటుండేది. దాని పాత పుస్తకాలు చూడమని మేడం రాసింది. గురువారం జవాబొచ్చింది. మేడం చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"యుద్ధంలో కాగితం కరువొచ్చి ఆ పుస్తకాలన్నీ తూకానికి వేసేశారట. ఖలాస్," అంది. ఇన్నేళ్ళలో ఆవిడ నోట లూర్దుమేరి విన్న అరబ్బీ ముక్క అదొక్కటే.

ఆ పూట మేడం అన్నం ముట్టలేదు. లూర్దుమేరి వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఏడిస్తే ఏమొస్తుంది! మొక్కు తీరకపోయినా మొండిధైర్యం చేసి జెస్సికాకి ఫోన్ కలిపింది.

"జెస్సీ, ఫాదర్ గారికి చెప్పి నా పేరు కూడా చదివించమ్మా. ఒక్కసారి."

"పిన్నీ, నాకు తెలీదనుకున్నావా? పెద్దమనిషినైనప్పుడే అమ్మ చెప్పేసింది," అంది జెస్సికా. "నువ్వు అక్కడ ఎంత కష్టపడ్డావో తెల్సు. కానీ అత్తగారోళ్ళకి ఇప్పుడెందుకు చెప్పు ఈ గోలంతా? కన్నతండ్రెవరని అడుగుతారు. అమ్మ తట్టుకోలేదు. నా మీద ఒట్టు, ఇంకెత్తకు."

ఆ రెండుసార్లూ "అమ్మ" అంటే రోజీయే. లూర్దుమేరి "సరేనమ్మా" అని ఫోన్ పెట్టేసింది.

ఆదివారం పొద్దున్నే ఊళ్ళో గుడి పిల్లలు పూజని ఫోన్లో చూపిస్తున్నారు. లూర్దుమేరి నెత్తిన కొంగు కప్పుకుని వంటింటి గట్టు దగ్గర నిలబడింది. ఫాదర్ గారు గొంతు సవరించుకుని, "జాన్ పాల్, రోజీ దంపతుల ఏకైక కుమార్తె జెస్సికా..." అని మొదలుపెట్టారు. పెళ్ళికొడుకు పేరూ, వాళ్ళ విచారణ గుడి పేరూ చదివారు. చివర్న, ఈ వివాహానికి అభ్యంతరం ఎవరికైనా తెలిసి ఉంటే తెలియజేయవలెను అన్నారు.

"ఉంది ఫాదర్! దాన్ని కన్నది నేను!" అని అరిచేసింది లూర్దుమేరి.

అరిస్తే ఎవరికి వినబడుతుంది? ఫోన్లో వాళ్ళు కనబడతారే గాని, ఇవతలి మాట అటు పోదు. గుడిలో ఎవరో దగ్గారు. పాట ఎత్తుకున్నారు. ముందు వరసలో రోజీ పట్టుచీరలో లేచి నిలబడింది.

అరుపుకి మేడం కర్ర పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "ఏమైంది మేరీ? ఎందుకేడుస్తున్నావు?"

చెప్పాలంటే ఆ క్షణమే చెప్పాలి. ఈ లోకంలో ఆ మాట అర్థం చేసుకోగల మనిషి అంటూ ఉంటే అది మేడమే. లూర్దుమేరి నోరు తెరిచింది. పిల్ల పెట్టిన ఒట్టు గుర్తొచ్చింది.

"మా అక్క కూతురికి పెళ్ళి మేడం," అంది.

గురువారం తర్వాత మేడం మొహంలో మొదటిసారి నవ్వు కనబడింది. "ఎంత మంచి కబురు! ఉండు," అని లోపలికి వెళ్ళి ఒక పూల కార్డు తెచ్చింది. అందులో తన పేరు రాసి, కింద చోటు వదిలి, పెన్ను లూర్దుమేరి చేతిలో పెట్టింది. "నువ్వేమవుతావో అది కూడా రాయి. లేకపోతే తర్వాత వాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

లూర్దుమేరి కొంగుతో చెయ్యి తుడుచుకుంది. కుదురుగా, అక్షరం చెదరకుండా, "ప్రేమతో, పిన్ని" అని రాసి ఇచ్చింది.