తమ్ముడి ముద్ర

కోర్టు వీధిలో ఆవిడని అందరూ సీలమ్మ అంటారు. చాటున కాదు, మొహం మీదే అంటారు. నోటరీగా ఆవిడ పద్ధతి ఒకటే. మనిషి ఎదురుగా కూర్చుని సంతకం పెడితే తప్ప సీలు కదలదు. సంతకం పెట్టిన కాగితం ఎవరైనా పట్టుకొస్తే "మనిషేడీ?" అంటుంది. ఎంత పెద్దవాళ్ల తాలూకైనా అదే మాట.

అలాంటి సీలమ్మ లైసెన్సుకి ఈ నెలాఖరుతో గడువు తీరిపోతుంది. రెన్యువల్‌కి కావలసినవన్నీ సిద్ధం చేసుకుంది. తన మీద కేసులేవీ లేవన్న ప్రమాణపత్రం ఒక్కటే మిగిలింది. దాని మీద ఇంకో నోటరీ ముద్ర పడాలి.

"ఊరందరికీ గుద్దుతావుగా, ఇదీ నువ్వే గుద్దేసుకోకూడదూ?" అన్నాడు భర్త.

"నేను మంచిదాన్నని నేనే ముద్ర వేసుకుంటే ఎవరు నమ్ముతారండీ?"

ఊళ్లో ఇంకో ఇద్దరు నోటరీలున్నారు. ఒకాయన కంటి ఆపరేషన్ చేయించుకుని కట్టుతో ఇంట్లో ఉన్నాడు. రెండోవాడు సొంత తమ్ముడు. వాడితో మాటల్లేవు.

అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పటి గొడవ అది. తన కొట్టు కొడుక్కి చెందాలని అమ్మ కాగితం మీద సంతకం పెట్టింది. అప్పట్లో అక్క దగ్గరే జూనియర్‌గా ఉన్న తమ్ముడు ఆ కాగితం పట్టుకుని పరుగున వచ్చాడు.

"అమ్మ సంతకం నీకు తెలీదా అక్కా?"

"తెలుసురా. కానీ నా ఎదుట పెట్టలేదు. పొద్దున్నే నేనే వస్తాను."

పొద్దున్న రిజిస్టరు చంకన పెట్టుకుని వెళ్లేసరికి అమ్మకి స్పృహ లేదు. మళ్లీ రాలేదు. ముద్ర పడిన కాగితం లేదని కొట్టుని మేనమామలు లాగేసుకున్నారు. తమ్ముడు అక్క ఆఫీసులో కుర్చీ ఖాళీ చేసి, తర్వాత సొంత బోర్డు పెట్టుకున్నాడు.

"వచ్చే వారం ఆ నోటరీ గారి కంటికట్టు విప్పుతారట. ఆగరాదూ?" అన్నాడు భర్త. ఆగొచ్చు, గడువుంది. కానీ సీలమ్మకి కావలసింది ముద్ర ఒక్కటే కాదు. ఈ వంకతోనైనా వాడి గుమ్మం ఎక్కాలి. వాడు ఒక్కసారి అక్కా అంటే చాలు.

జిరాక్సు షాపు మీది గదిలో తమ్ముడు ఒక్కడే ఉన్నాడు. తలెత్తి చూశాడు.

"కూర్చోండి."

ఆ 'అండి' విననట్టే సీలమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "బావున్నావురా?" అంది.

"కాగితం ఇవ్వండి."

మొదటి నుంచి చివరిదాకా వరస వరసకీ వేలు పెట్టి చదివాడు. ఇందులో రాసిందంతా నిజమేనా అని అడిగాడు. నిజమే అంది. తన ఎదుటే సంతకం పెట్టించాడు. ఆ సంతకం కింద రెండు వాక్యాలున్నాయి. సంతకం చేసిన మనిషి నాకు స్వయంగా తెలుసు అని ఒకటి. గుర్తింపు కార్డు చూసి నిర్ధారించుకున్నాను అని ఇంకొకటి. రెంటిలో ఒకటి కొట్టేయాలి.

"కార్డు చూపించండి," అన్నాడు తమ్ముడు.

"ఒరేయ్, నేనురా!"

వాడు చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. సీలమ్మ సంచీలో తడుముకుని కార్డు ఇచ్చింది. వాడు ఫొటో చూశాడు, మొహం చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు. స్కేలు తీసి మొదటి వాక్యం మీద అడ్డంగా గీత కొట్టాడు. తర్వాత ముద్ర గుద్దాడు.

"ఇంకేమైనా ఉందా అండీ?"

"లేదు బాబూ," అని లేచింది.

మెట్ల మీద ఆగి, అలవాటు కొద్దీ కాగితంలో తప్పులు వెతికింది. తేదీ సరిగ్గా ఉంది. కార్డు నంబరు సరిగ్గా ఉంది. గీత ఎక్కడా వంకర పోలేదు. స్కేలు పెట్టి కొట్టాలని వాడికి నేర్పింది ఆవిడే. సీలమ్మ అక్కడే కూలబడి, కాగితం తడవకుండా దూరంగా పట్టుకుని ఏడ్చింది.