గాడి తీయని కడ్డీ

నేను ఒక స్టీరింగ్ కడ్డీని. పాత లారీలో డ్రైవరు తిప్పే చక్రానికీ, కింద ముందు టైర్లను మళ్ళించే స్టీరింగ్ పెట్టెకీ మధ్య ఉండేదాన్ని. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు మట్టిలో పడి ఉన్నాను.

ఏ కొలిమిలో పుట్టానో చెప్పలేను. అక్కడ గుర్తుపెట్టుకోదగ్గ ప్రేమ ఎవరూ చూపలేదు. మొదటి యజమాని లారీ అమ్మేసి చేపల చెరువు తవ్వించుకున్నాడు. రెండోవాడు కోటిలింగం. తనే ఓనరు, తనే డ్రైవరు. మారేడుమిల్లి ఘాట్‌లో వెదురు లోడుతో మలుపు తిరుగుతుంటే అతని బలమంతా నా మీదే పడేది. ఒక్కసారీ జారలేదు. దసరాకి చక్రానికి కుంకుమ పెట్టేవాడు. నాకు పెట్టేవాడు కాదు. చక్రం కళ్ళకు కనిపిస్తుంది. మనుషులు మొక్కేది కనిపించేదానికే.

బరువైన చక్రం తిప్పీ తిప్పీ చివరికి అతని కుడి భుజం పట్టేసింది. తేలిగ్గా తిరిగే పవర్ స్టీరింగ్ పెట్టించాలి, లేదా లారీ వదులుకోవాలి. లారీ వదిలితే అతనికి మరో బతుకు తెలియదు.

కొత్త పెట్టెకి నా పొడవు ఎక్కువని మెకానిక్ సుభానీ నన్ను మధ్యకి కోశాడు. కోటిలింగం పక్కనే నిలబడి టీ తాగాడు. నేను పైముక్కగా మిగిలాను. కిందిముక్కని ఎటు విసిరారో తెలియదు. నా చివర లేత్ మీద పళ్ళు తీసి, కొత్త పవర్ పెట్టెకున్న జాయింటులో దూర్చారు.

"బాబాయ్, ఇంకా గాడి తీయాలి. బోల్టు ఆ గాడిలో కూర్చుంటేనే కడ్డీ బయటికి రాదు."

"రాహుకాలం ముంచుకొస్తోందిరా. పళ్ళు పట్టాయిగా, బిగించెయ్!"

"మీ రాహువుకీ నా లేత్ మిషనుకీ ఎప్పుడూ పడదు బాబాయ్."

"వాగుడు ఆపి పానా తియ్యి."

సుభానీ నవ్వుతూ బిగించేశాడు. టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయి. మంచి ఘడియలోనే బయల్దేరాం.

గుడివాడ దారి గుంతల్లో జాయింటులోంచి కొద్దికొద్దిగా జారాను. పట్టుకోవడానికి నాకేమీ లేదు. కాలవ మలుపులో కోటిలింగం చక్రం తిప్పాడు. నేను తిరిగాను. జాయింటు తిరగలేదు. లారీ వరిచేలో దిగబడింది. అతనికి పెదవి చిట్లింది, అంతే.

చుట్టూ జనం చేరారు. "పాత కడ్డీ. ఇన్నేళ్ళు నమ్మితే నా గొంతు కోసింది" అన్నాడు వాళ్ళతో.

సుభానీ వచ్చి నన్ను బయటికి లాగాడు. విరగలేదు. పళ్ళు అరగలేదు. గాడి ఉండాల్సిన చోట బొటనవేలితో తడిమాడు. కోటిలింగం ఆ వేలినే చూస్తున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"పాత ఇనుము ఇంతే బాబాయ్" అన్నాడు సుభానీ.

"ఇంతేరా" అన్నాడు కోటిలింగం.

లారీని షెడ్డుకి లాక్కొచ్చి, నన్ను ముందు మట్టిలో పడేశారు. కొత్త కడ్డీకి సుభానీ ఎవరూ అడగకుండానే గాడి తీశాడు. తీరిగ్గా తీశాడు. కోటిలింగం తొందర పెట్టలేదు. బోల్టు గాడిలో కూర్చున్నాక ఎక్కి, రెండు వేళ్ళతో చక్రం తిప్పాడు.

"వెన్నలా తిరుగుతోందిరా!"

లారీ వెనక్కి తీస్తుంటే టైరు నా మీదుగా పోయింది. నేను వంగలేదు. చూడటానికి ఎవరూ కిందికి దిగలేదు.