బదులు మనిషి

సరోజినమ్మగారి వంటింట్లో చింతపండు ఎక్కడుందో సరోజినమ్మగారికి తెలియదు. జ్ఞానమ్మకు తెలుసు. బడికి బయల్దేరే ముందు ఆనందరావు మేష్టారు కూడా భార్యను ఏదీ అడగరు. పెరటి గుమ్మంలోకి వచ్చి, "జ్ఞానమ్మా, నా గొడుగేదీ?" అని కేకేస్తారు. బందరు రాబర్ట్‌సన్‌పేటలో ఆ పెంకుటింట్లో పద్నాలుగేళ్ళుగా సాగుతున్న పరిపాలన అది. ఇంటావిడ పొరపాటున పెరట్లో కాలు పెడితే, "మీరెందుకండీ ఈ మసిలోకి, వెళ్ళి చల్లగా కూర్చోండి" అని పనిమనిషి లోపలికి తోలేసేది. ఆవిడ వెళ్ళి చల్లగా కూర్చునేవారు. కూర్చుని నిట్టూర్చేవారు. సుఖం ఎక్కువైతే నిట్టూర్పులొస్తాయని జ్ఞానమ్మ నమ్మకం.

నయాపైసలు వచ్చిన ఏడాది వానాకాలంలో మొవ్వ నుంచి కబురొచ్చింది. కూతురు రాజకుమారికి రెండో కాన్పు. అత్తగారేమో మంచం పట్టింది. చూసే దిక్కు లేదు. జ్ఞానమ్మ ఓ నెల రోజులు వెళ్ళక తప్పదు.

వెళ్ళాలంటే బదులు మనిషిని పెట్టి వెళ్ళాలి. ఈ విషయంలో పేటలో పాచిపని చేసే ఆడవాళ్ళందరికీ ఒక కట్టుబాటుంది. ఎవరూ పైకి అనరు, అందరూ పాటిస్తారు. బదులు మనిషి మనకన్నా ఓ మెట్టు తక్కువదై ఉండాలి. మనం తిరిగొచ్చేసరికి ఇంటివాళ్ళు వీధిగుమ్మంలో నిలబడి మన దారి చూస్తుండాలి. కోటమ్మ ఈ సంగతి మరిచి, జ్వరమొచ్చినప్పుడు చురుకైన చెల్లెల్ని పంపింది. జ్వరం తగ్గింది గానీ ఇల్లు పోయింది. ఇప్పుడు చెల్లెలు అక్కడ దర్జాగా అంట్లు తోముతుంటే కోటమ్మ బజార్లో విస్తరాకులు అమ్ముకుంటోంది.

జ్ఞానమ్మ ఓ మెట్టు కాదు, ఉన్న మెట్లన్నీ దిగి వెతికింది. అట్టడుగున తోటికోడలు రత్నం దొరికింది. కాపురానికొచ్చిన కొత్తల్లో అత్తగారి అట్లపెనాన్ని ఇటుకపొడితో తోమి తోమి వెండిలా మెరిపించిన ఘనురాలు రత్నం. ఆ తర్వాత ఆర్నెల్లపాటు ఆ పెనం మీంచి ఒక్క అట్టు లేస్తే ఒట్టు.

"నాకేం తెలీదక్కా. మేష్టారి ఇంట్లో నేనెట్టా చేసేది?" అంది రత్నం బిక్కమొహం వేసుకుని.

"తెలీకపోతే అమ్మగార్ని అడుగు," అంది జ్ఞానమ్మ. ఆ మాటన్నందుకు తర్వాత తన నాలుక తనే కోసుకోవాలనిపించింది.

మొవ్వలో మనవడు పుట్టాడు. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని వాడికి నీళ్ళు పోస్తూ కూడా జ్ఞానమ్మ చూపు వీధి వైపే. వారం తిరక్కుండా 'వెంటనే బయల్దేరి రావలెను' అని కార్డు వస్తుందని లెక్క వేసుకుంది. రాలేదు. పాపం మొహమాటం, బాలింతను వదిలి రమ్మనలేక ఇబ్బంది పడుతున్నారనుకుంది. పదిహేనో రోజున మొగుడు యాకోబు మనవణ్ణి చూడటానికి బస్సు దిగాడు.

"అమ్మగారు చిక్కిపోయారా?" అనడిగింది, అతను చెప్పులైనా విప్పకముందే.

"లేదే. కాస్త ఒళ్ళు చేశారు."

"రత్నం ఏం పగలగొట్టింది?"

"రెండు పింగాణీ కప్పులు, ఓ కూజా. అమ్మగారే నవ్వుతా చెప్పారు."

జ్ఞానమ్మ లెక్క తప్పింది. పద్నాలుగేళ్ళలో తను ఒక్క కప్పు పగలగొట్టలేదు. ఆవిడ తన గురించి నవ్వుతూ ఎవరికైనా ఒక్క ముక్క చెప్పినట్టూ గుర్తు లేదు. రాజకుమారి అత్తగారు లేచి తిరుగుతోంది గదా అని పసివాణ్ణి ఆవిడ ఒళ్ళో పెట్టి, మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కేసింది.

మేష్టారి ఇంటి పెరటి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. సరోజినమ్మగారు చీర కుచ్చిళ్ళు ఎగదోపి, బావి పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా అంట్ల మధ్య రత్నం.

"ఇప్పుడు దీన్నేం చేయమంటారండీ?"

"చింతపండుతో రుద్దమన్నానా? మన బందరు ఉప్పునీళ్ళకి ఇత్తడి ఊరికే లొంగదే పిచ్చిమొహమా! మా అమ్మ నన్నిట్లాగే కూర్చోబెట్టి నేర్పింది." ఆవిడ మొహం పెళ్ళికూతురి మొహంలా కళకళలాడిపోతోంది.

జ్ఞానమ్మ అంట్ల వైపు చూసింది. అన్నం గిన్నె అడుగున బెత్తెడు మసి. ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ మసి ఆవిడకూ కనబడుతూనే ఉంది, ఆవిడకు చీమ కుట్టినట్టయినా లేదు. వచ్చిన ప్రాణం వచ్చినట్టే పోయింది.

"వచ్చావా?" అన్నారు సరోజినమ్మగారు తలెత్తి. "బాలింతను వదిలి ఎందుకొచ్చావు, ఇంకో నెలుండి రాకపోయావా? ఇక్కడ రత్నం ఉందిగా."

"రత్నానికి పని రాదు గదండీ."

"రాదు. అందుకే నన్నడుగుతుంది." ఆవిడ మెల్లగా అన్నారు. "నీకేం జ్ఞానమ్మా, నీలాంటిదాన్ని ఏ ఇంట్లోనైనా కళ్ళకద్దుకుని పెట్టుకుంటారు. దీన్నెవరు పెట్టుకుంటారు చెప్పు?"

ఇంత మర్యాదగా ఎవరూ ఎవర్నీ పనిలోంచి తీసేసి ఉండరు.  జ్ఞానమ్మ వెనక్కి తిరిగి నాలుగడుగులు నడిచి ఆగిపోయింది. వేరే ఇల్లు దొరక్క కాదు. ఈ ఇల్లు తనది. ఏ మూల ఏముందో చీకట్లో తడిమి చెప్పగలదు. ఈ ఇల్లు వదిలి ఇంకో గడపలో కొత్తదానిలా నిలబడటం తనవల్ల కాదు. చల్లగా కూర్చోబెట్టిన అమ్మగారికి ఆ నిట్టూర్పులెందుకొచ్చేవో కూడా అప్పుడే అర్థమైంది.

తిరిగొచ్చి రత్నం పక్కన చతికిలబడింది. అంట్లలోంచి చారుగిన్నె తీసి చేత్తో పట్టుకుంది. అది సత్తుగిన్నె. మెత్తటి లోహం, గుడ్డతో సుతారంగా కడగాలే తప్ప గరుకు తగలకూడదు. పద్నాలుగేళ్ళుగా జ్ఞానమ్మ దాన్ని పసిబిడ్డలా చూసుకుంది.

"అమ్మగారూ..." నోరు తిరగలేదు. మళ్ళీ ప్రయత్నించింది. "దీన్ని దేంతో తోమమంటారండీ?"

సరోజినమ్మగారు అనుమానంగా చూశారు. "నీకు తెలీదూ?"

"తెలీదండీ," అంది జ్ఞానమ్మ. ప్రభువు క్షమించుగాక.

ఆవిడ సర్దుకు కూర్చున్నారు. వాళ్ళమ్మ ఇంట్లో ఉన్నవన్నీ కుండలూ, ఇత్తడి గిన్నెలూ, ఇనప మూకుళ్ళూ. సత్తు మొహం వాళ్ళెప్పుడు చూశారు గనక? "గుప్పెడు ఇసుక వేసి బాగా రుద్దు," అన్నారు గంభీరంగా.

"అయ్యో అమ్మగారూ!" రత్నం లేచి నిలబడింది. "అది సత్తుది గదండీ! ఇసకేస్తే గీతలు పడవూ? ఈమాత్రం నాకే తెలుసు!"

సరోజినమ్మగారి మొహం కందగడ్డలా అయింది.

"నోర్ముయ్యవే!" అంది జ్ఞానమ్మ. "అమ్మగారికి తెలీకే చెప్పారా?" అంటూ గుప్పెడు ఇసుక తీసి గిన్నెలో పోసి, కళ్ళు మూసుకుని ఒక్క రుద్దు రుద్దింది. గర్రుమంది. ఆ గీత తన వీపు మీద పడ్డట్టు ఒళ్ళంతా జలదరించింది.

సరోజినమ్మగారు ఆ గీత వైపు కాసేపు చూశారు. తర్వాత రత్నం వైపు చూశారు.

"నీకు పని వచ్చేసిందే రత్నం," అన్నారు పొడిగా. "ఎదురింటివాళ్ళు మనిషి కోసం చూస్తున్నారు. రేపట్నుంచి అక్కడ చేరు."

ఆపైన పీట జ్ఞానమ్మ దగ్గరికి లాక్కున్నారు. "అట్లా పైపైన కాదు. గట్టిగా రుద్దాలి."

"ఇంకా గట్టిగానాండీ?" అని అడిగింది జ్ఞానమ్మ.