ఇంకోటుంది

ఫోను మోగేసరికి అతని గడ్డం సగమే అయింది. రేజరు కిటికీలో పెట్టి, స్టేషన్ మాస్టరు చెప్పిందంతా విని, "వేస్తున్నా సార్" అన్నాడు. ఒక చెంప నున్నగా, రెండో చెంప సబ్బు నురగతో అలాగే గదిలోంచి బయటికొచ్చి రైలు గేటు దించే చక్రం పట్టుకున్నాడు. గేటు దిగుతుంటే ఒక ఆటో, దాన్ని అంటిపెట్టుకుని ఇంకో ఆటో, ఆ వెనక ఒక మోటారు సైకిలు దూసుకుపోయాయి. మోటారు సైకిలు మీది పెద్దమనిషి గేటు తగలకుండా తల వంచుతూనే అతని మొహం చూసి నవ్వాడు.

చక్రం పాతది. తిప్పీ తిప్పీ అతని కుడిభుజం కిందికి జారింది. ఎంత మంచి దర్జీ దగ్గర కుట్టించినా చొక్కా ఒక పక్కకి వేలాడుతుంది. పొట్టి మనిషి, పొట్టి వేళ్లు, మెడ ముడతల్లో నల్లటి నుసి. ఈ దారిన పోయే గూడ్సుల్లో సగం బొగ్గువే, పైన కప్పు ఉండదు. బండి పోతున్నంతసేపూ నుసి ఎగిరి కళ్లలో పడుతుంది. అందుకని అతని కళ్లు ఏ వేళ చూసినా ఎర్రగా ఉంటాయి. కొత్తగా చూసినవాళ్లు పొద్దున్నే పట్టించాడనుకుంటారు. టీ తప్ప ఏదీ ముట్టని మనిషి పాపం.

గేటుకి ఇటు బజారు, అటు బస్సుల రోడ్డు. ఆసుపత్రి అటు, మందుల కొట్లు ఇటు. మిల్లు అటు, మిల్లులో పనిచేసేవాళ్ల ఇళ్లు ఇటు. ఊరు కట్టినవాళ్లెవరో గానీ ఏది ఎటు ఉండకూడదో సరిగ్గా అటే పెట్టారు. మధ్యలో రెండు లైన్లు, ఒకటి పోయే బళ్లకి, ఒకటి వచ్చే బళ్లకి. పైవంతెన కడతామని పెద్దలు రెండుసార్లు వచ్చి పునాది రాయి వేశారు. రెండో రాయి వేసేనాటికి మొదటి రాయి ఎక్కడుందో ఎవరికీ గుర్తులేదు.

గేటు వెయ్యడం వరకే అతని పని. వేసిన గేటు కింద దూరేవాళ్లని ఏమీ చెయ్యలేడు. దూరడంలో మాత్రం ఈ ఊరివాళ్లు ఆరితేరారు. వకీలు నల్లకోటు రెండు చేతులా ఎత్తి పట్టుకుని దూరుతాడు. నెలలు నిండిన ఆడమనిషి నడుం వంగక పక్కకి ఒరిగి దూరుతుంది. ఒకసారి ఇద్దరు నిలువుటద్దం పట్టుకుని దూరారు, అద్దంలో వస్తున్న ఇంజను కనబడుతూనే ఉంది. చెయ్యి అడ్డం పెడితే "రోడ్డేమన్నా నీ అబ్బ సొమ్మా?" అంటారు. గట్టిగా అరిస్తే పై ఆఫీసుకి రాస్తామంటారు.

అందరూ అడిగేది ఒక్కటే మాట. "పోయిందా?"

బండి తోక కనబడితే చాలు, జనం కదులుతారు. ఆ తోక చాటున రెండో లైను మీద ఏమొస్తోందో చూడరు. చాలా ఏళ్ల కిందట బడిపంతులమ్మ ఒకామె అలాగే నడిచింది, చంకలో దిద్దాల్సిన కాగితాల కట్టతో. ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు, అతను చెప్పే వ్యవధీ లేదు. అప్పట్నించీ ఎవరు "పోయిందా?" అని అడిగినా, అడక్కపోయినా, అతను "ఇంకోటుంది" అనడం మొదలుపెట్టాడు. ఉన్నా అంటాడు, లేకపోయినా అంటాడు. ఆ మాట చెవిన పడితే మనిషి ఒక్క క్షణం తటపటాయిస్తాడు. ఈలోగా అతను రెండు వైపులా చూసుకుని చక్రం తిప్పేస్తాడు. పచ్చి అబద్ధమే. కానీ ఇన్నేళ్ల ఉద్యోగంలో తను సొంతంగా కనిపెట్టింది అదొక్కటేనని అతనికి లోలోపల కాస్త గర్వంగా ఉండేది.

మొదట్లో బాగానే నమ్మారు. తరవాత అదే అతని పేరైపోయింది. ఇంకోటుంది బాబాయ్. ఎక్కడైనా భోజనానికి పిలిస్తే, ఇక చాలని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టగానే వడ్డించేవాడు "ఇంకోటుంది బాబాయ్" అని మిఠాయి పడేసేవాడు, బంతి బంతంతా గొల్లుమనేది. కూతురు పుట్టిన రోజున నర్సు బయటికొచ్చి ఆడపిల్ల అని చెబితే, పక్కనున్న నలుగురూ "సరిగ్గా చూశావా తల్లీ, ఇంకోటుందేమో" అన్నారు. ఆ కూతురికి పెళ్లై వెళ్లిపోయింది గానీ మాట మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. అతనూ వాళ్లతో కలిసి నవ్వేవాడు. నవ్వితే నవ్వారు, కాసేపు ఆగుతున్నారు కదా అనుకునేవాడు. ఈ మధ్య ఆగడం మానేశారు. నవ్వడం మాత్రం మానలేదు.

ఆ పేరు పెట్టింది ఎవరో కాదు, అతని బావమరిదే. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోతే అక్క చేతుల్లో పెరిగాడు. పెళ్లై ఈ గేటు పక్క క్వార్టర్సులోకి వచ్చేటప్పుడు ఆమె ఒక చేత్తో ట్రంకుపెట్టె పట్టుకుని, ఇంకో చంకన వాణ్ణి ఎత్తుకుని వచ్చింది. బావ భుజాలెక్కి రైళ్లు చూసిన వాడు ఇప్పుడు ముప్పై దాటి, భుజాన డబ్బా వేసుకుని పుల్లైసులు అమ్ముతున్నాడు. గేటు పడితేనే వాడికి బేరం. ఇటు ఆగిన ఆటోలవాళ్లు బేరాలాడతారు గానీ కొనరు. అటు ఆగిన బస్సులో ఉంటుంది అసలు గిరాకీ, చెమటలు కక్కుతూ కిటికీల్లోంచి చేతులు చాపే జనం. గేటు లేచిందంటే బస్సు ఆగదు. బండి తోక దాటడానికీ గేటు లేవడానికీ నడుమ ఉన్న ఆ కాస్త సందులోనే వాడు అటు ఉరకాలి. ఆ సందుని మూసేద్దామనే బావ "ఇంకోటుంది" అని అరిచేది.

బండి దాటాక భార్య టీ తెచ్చింది.

"ఇవాళైనా వాడికి చెప్తారా?"

"చెప్తాలే."

"చెప్తాలే కాదు. నిన్న మిల్లు దగ్గర ఉండే ఆవిడ చూసిందట, ఇంజను ముందునించి గెంతాడట. నేను చెబితే నవ్వి పారేస్తాడు. మీ మాటైతే వింటాడు. బస్టాండులో ఒక మూల కూర్చుని అమ్ముకోమనండి. వాడికేదన్నా అయితే నేను తట్టుకోలేనండీ." ఆమె గ్లాసు అతని చేతిలో పెట్టి మొహం తిప్పుకుంది. "ముందా రెండో చెంప గీసుకోండి, జనం చూస్తున్నారు."

ఇవాళ చెప్పి తీరాలనుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం బావమరిది వచ్చి గేటు గది నీడలో డబ్బా దించాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకుంటూ, "ఏం బావా, ఇంకోటుందా?" అన్నాడు.

"వేళాకోళం చాలు. ఇటు రా, కూర్చో. నువ్విక ఈ గేటు దగ్గర అమ్మొద్దు."

"అక్క చెప్పమందా?"

"అక్క చెప్పింది, నేనూ చెప్తున్నా. బస్టాండుకి పో."

"అక్కడ ఒకడి నెత్తిన ఒకడున్నారు బావా. ఇక్కడైతే నాకు పోటీ లేదు."

"ఎందుకుంటుంది? ప్రాణం మీద తీపి ఉన్నవాడెవడూ ఇక్కడ అమ్మడు."

"నువ్వుండగా నాకేంటి బావా?" అన్నాడు వాడు. ఎగతాళిగా అన్నమాట కాదు. చిన్నప్పుడు భుజం మీద కూర్చుని ఎలా అనేవాడో అలాగే అన్నాడు. అతని కోపం సగం అక్కడే నీరుగారిపోయింది.

వాడు కాసేపు నేల మీద పుల్లతో గీతలు గీసి తలెత్తాడు. "సరే, ఒక పని చేద్దాం. నువ్వు ఇంకోటుందంటే ఆగుతా. అక్క మీద ఒట్టు. కానీ నాక్కూడా అబద్ధం చెబితే ఎట్లా? ఊరందరికీ చెప్పుకో, నేను ఇంటివాణ్ణి. ఉత్తుత్తిదైతే నాకు కన్ను కొట్టు, వెళ్తా. కొట్టలేదా, ఇక్కణ్ణించి అడుగు కదిపితే చూడు."

"ఈ వయసులో నన్ను కన్ను కొట్టమంటావురా?"

"అక్కకి చెప్పన్లే."

ఇద్దరూ నవ్వారు. కాదనాల్సింది. కాదనాలనే నోరు తెరిచాడు కూడా. కానీ ఇన్నేళ్లకి, తన మాట నిజమో కాదో తెలుసుకుని మసలుకుంటానన్న మనిషి ఒకడు కనబడ్డాడు. అదే పదివేలనిపించింది. "సరే, ఏడువు" అన్నాడు.

ఆ తరవాతి బండికి అతనికి కన్ను కొట్టడం చేతకాక రెండు కళ్లూ మూశాడు. బావమరిది పగలబడి నవ్వుతూ గేటు కింద దూరి అటు పరిగెత్తాడు. దాని తరవాత నిజంగానే రెండు బళ్లు వచ్చాయి. అతను "ఇంకోటుంది" అని అరిచి, వాడి వంక గుడ్లప్పగించి చూశాడు. వాడు బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కనున్నవాళ్లు దూరిపోతున్నా కదల్లేదు. రెండో బండి ఊళ పెట్టుకుంటూ వెళ్లిపోయాక వాడు సలాము కొట్టాడు. అతనికి గుండెల మీదినుంచి బరువు దించినట్టయింది. భోజనానికి వెళ్లి భార్యతో, "చెప్పాను. ఇక ఆగుతాడు" అన్నాడు.

"నిజంగానా?"

"కళ్లారా చూశాను."

ఎలా ఒప్పించారో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. ఆమె నిమ్మళంగా తన కంచం కూడా తెచ్చుకుని అతని ఎదురుగా కూర్చుంది.

పొద్దు వాలే వేళకి మిల్లు వదిలారు. ఫోను రెండుసార్లు మోగింది. దగ్గరి లైను మీద బొగ్గు గూడ్సు, అవతలి లైను మీద ఎదురుగా ఎక్స్‌ప్రెస్. అతను గేటు వేసి, పచ్చజెండా తీసుకుని వచ్చి నిలబడ్డాడు. అటు బస్సు ఆగింది, లోపల ఎంతమంది ఉన్నారో ఫుట్‌బోర్డు మీదా అంతమంది ఉన్నారు. బావమరిది పరిగెత్తుకుంటూ వచ్చాడు. చెమటకి తడిసిన తువ్వాలు తీసి గట్టిగా పిండి, గేటు కడ్డీ మీద ఆరేసి, "బస్సు చూడు బావా, కిక్కిరిసిపోయింది" అని కడ్డీ కింద దూరి పట్టాల పక్కన నిలబడ్డాడు.

గూడ్సు వచ్చింది. ఒక్కో వ్యాగనూ దాటుతుంటే నల్లటి దుమ్ము రోడ్డంతా కమ్మేసింది. ఆడవాళ్లు కొంగులు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. అతను మాత్రం జెండా పట్టుకుని చివరనుండే గార్డు పెట్టె వచ్చేదాకా కళ్లు చిట్లించుకుని చూస్తూ నిలబడాలి. నిలబడ్డాడు. గార్డు పెట్టె దాటింది.

"పోయిందా?" ఎవరో అరిచారు.

"ఇంకోటుంది!"

జనం గొల్లుమన్నారు. ఇద్దరు ముగ్గురు అతని గొంతు పెట్టి "ఇంకోటుంది, ఇంకోటుంది" అన్నారు. బావమరిది వెనక్కి తిరిగి అతని మొహంలోకి చూశాడు. ఏం చూస్తున్నాడో అతనికి తెలుసు. సరిగ్గా అప్పుడే కుడికంట్లో నిప్పురవ్వ పడ్డట్టు నుసి పడింది. మూయకూడదు, మూయకూడదు అనుకోవడం అతనికి గుర్తుంది. కన్ను మూతపడిందో లేదో మాత్రం తెలియదు. ఆ సంగతి ఇక చచ్చేదాకా తెలియదు.

నీళ్లు కారుతున్న ఎడమకంటికి వాడి వీపు కనబడింది. డబ్బా ఎగిరెగిరి నడుముకి కొట్టుకుంటోంది.

"ఇంకోటుందిరా! ఒరే, నిజంగా ఉందిరా!"

ఇటువైపు మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల మీదుగా ఎక్స్‌ప్రెస్ దూసుకొచ్చింది. ఆగలేదు, ఆగడానికి అది అప్పటికప్పుడు చెయ్యగలిగిందీ ఏమీ లేదు. పెట్టెలన్నీ వరసగా దాటిపోయాక అవతల బస్సు కనబడింది. దాని కిటికీల్లోంచి చాపిన చేతులు ఒక్కొక్కటే లోపలికి వెళుతున్నాయి. కొందరు బండి పోయినవైపు పట్టాల వెంబడి పరిగెడుతున్నారు. ఇటు నవ్వినవాళ్లెవరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు.

ఫోను మోగింది. అతను ఎలా గదిలోకి వెళ్లాడో, ఎలా ఎత్తాడో తెలియదు. విషయం అప్పటికే స్టేషనుకి చేరింది.

"గేటు వేసే ఉంది కదా?" అన్నాడు స్టేషన్ మాస్టరు.

"వేసే ఉంది సార్."

"అయితే నీకేం కాదు, భయపడకు. అవతల రోడ్డు మీద బళ్లు ఆగిపోయాయి, ముందు గేటు తియ్యి."

బయటికొచ్చాడు. వెనకాల దూరంగా ఆగిన లారీలకి ఏం జరిగిందో తెలియదు. హారన్లు మొదలయ్యాయి. క్వార్టర్సు తలుపు తీసుకుని భార్య అరుగు మీదికి వచ్చి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ ఎవరి కోసమో వెతుక్కుంటోంది. అతను ఆమెవైపు చూడలేకపోయాడు. కాళ్లు ఆమె దగ్గరికి పోనంటున్నాయి, పట్టాల వెంబడీ పోనంటున్నాయి. ఏళ్ల తరబడి తెలిసిన చోటికే వెళ్లి చక్రం దగ్గర నిలబడ్డాయి.

"పోయిందా బాబాయ్?" లారీ కిటికీలోంచి తల బయటపెట్టి ఒక డ్రైవరు అడిగాడు.

"పోయింది" అన్నాడు అతను.

చక్రం తిప్పాడు. కడ్డీ కొస కీచుమంటూ లేచింది. ఆటోలు, లారీలు, మోటారు సైకిళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ కిందినుంచి కదిలాయి. కడ్డీతో పాటే తువ్వాలూ పైకి లేచి, మనిషి చెయ్యి అందనంత ఎత్తున ఒక బోల్టుకి తగులుకుని ఆగిపోయింది. అక్కడ తడితడిగా వేలాడుతోంది. అది కిందికి దిగాలంటే ఇంకో బండి రావాలి.